డాబా మీది గుర్తు

హలో… ఆ, అక్కనే రా. వినపడుతోంది, చెప్పు.

— లేదు, పడుకోలేదు. డ్యూటీ దిగి మళ్ళీ ఎక్కా. దిగడమంటే ఏముంది, మెట్ల మీద కూర్చుని రెండు బిస్కెట్లు తిని లేచా, అంతే.

— ఆ… విన్నాను.

— నిజమే. పక్క ఊరి ఆస్పత్రే. పొద్దున్న బాంబు పడింది. ఆడవాళ్ళ వార్డు వైపు…

— ఎంతమందో తెలీదు రా. ఎవరి నోటికొచ్చిన లెక్క వాళ్ళు చెప్తున్నారు. అక్కడి హెడ్ నర్సు నాతో కలిసి ట్రైనింగ్ చేసింది, గుర్తుందా? నీ పెళ్ళికొచ్చి నీ కొత్త చొక్కా మీద టీ ఒలకబోసింది… ఆ, అదే. పొద్దుట్నుంచి చేస్తూనే ఉన్నా. రింగవుతోంది. ఎత్తట్లేదు.

— ఏమో. దాని ఫోనైనా బతికుందిలే అనుకుంటున్నా.

— నీ పెళ్ళాం బానే ఉంది. ముందు అది విను. జ్వరం దిగింది. ఇందాక నన్ను తిట్టింది కూడా, పాలు చల్లారిపోయాయని. నర్సుని తిట్టిందంటే కోలుకుంటున్నట్టే.

— పిల్ల బాక్సులోనే ఉంది… నెలలు నిండకుండా వచ్చింది కదరా, ఇంకొన్నాళ్ళు ఉండాలి అందులో.

— ఇంటికా? కుదరదు.

— కుదరదన్నాగా! బాక్సుకి కరెంటు కావాలి. మీ వీధిలో దీపానికే దిక్కులేదు… వేడినీళ్ళ సీసాలా? ఒరేయ్, నా అరచేతికంటే కాస్త పొడుగుంటుందేమో అది. దాన్ని నీ డొక్కు వ్యాన్లో, ఆ గుంతల్లో, ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఆపుకుంటూ… వద్దు. ఆ మాట ఎత్తకు.

— డాబా మీద గుర్తు సంగతి నీకెవరు చెప్పారు? … స్టోర్ బాబాయా. అనుకున్నా. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

— అవును, మీటింగ్ పెట్టారు. మందుల గదిలో నిలబడే పెట్టారు. చెరిపేద్దామన్నాడు బాబాయి. అక్కడ డాబా మీద ఆస్పత్రి అని తెలిపే ఎర్ర గుర్తు ఉండబట్టే గురి కుదిరింది, మనల్ని మనం వేలెత్తి చూపించుకోవడం ఎందుకూ అని. ల్యాబ్ అమ్మాయి వద్దే వద్దంది. సగం మంది అటు, సగం మంది ఇటు. పెద్ద డాక్టరు ఒక ఆపరేషన్‌కీ ఇంకో ఆపరేషన్‌కీ మధ్యలో వచ్చి, డాబా తాళంచెవి నా చేతిలో పెట్టి, ‘మీ ఇష్టం సిస్టర్’ అని చక్కా పోయాడు.

— అంతేగా. పిల్లి మెడలో గంట కట్టే పని వస్తే అందరికీ నేనే గుర్తొస్తాను.

— నువ్వు మాట్లాడకు. ఓ పక్కగా గుర్తు వేయరా అంటే డాబా అంతా పరిచావు. బోర్డులు రాసేవాడివి కదా, చెయ్యి ఊరుకోదు. పైగా మూలన నీ షాపు ఫోన్ నంబరు! ఆకాశంలోంచి చూసి నీకు బోర్డులిచ్చేదెవర్రా, కాకులా?

— నవ్వకు. నేనూ నవ్వట్లేదు… సరే, నవ్వాను. ఏం చేస్తాం.

— చేశాను. మ్యాపు మాస్టారుకి ఫోన్ చేశాను… అదేరా, అంతర్జాతీయ సంస్థ నుంచి వచ్చాడే, మెడలో కార్డు వేసుకుని. మన ఆస్పత్రి ఎక్కడుందో మిషన్లో కొలిచి, రెండు పక్షాల వాళ్ళకీ పంపించేశాం, ఇంక మీకు భయం లేదన్నాడే… ఆ, ఆయనే.

— ఏమంటాడు? తీవ్రంగా ఖండిస్తున్నామన్నాడు… అవును, ఈసారి తీవ్రంగా. పోయినసారి ఉత్తగా ఖండించారు.

— ఆయన్ననీ ఏం లాభంలే, పాపం. గొంతు పోయి ఉంది. అరవాల్సిన చోటల్లా అరిచి, చివరికి నాతో మెల్లగా చెప్పాడు: గుర్తు మాత్రం తీయకండి సిస్టర్, గుర్తుండగా కొడితే యుద్ధ నేరం, తెలియక కొట్టామని రేపు కోర్టులో తప్పించుకోలేరు అని.

— నేనూ అదే అడిగాను. రేపు కోర్టు సరే బాబూ, ఇవాళ మా సంగతేంటని… లోపల ఎంతమంది ఉన్నారో అడిగి రాసుకున్నాడు.

— అరవకు.

— అరిస్తే పెట్టేస్తా… ఆ. ఇప్పుడు చెప్పు.

— …

— నీ కూతురైతే నాకు మేనకోడలు కాదా? ఎవరికో చెప్పినట్టు చెప్తావేం?

— ఎక్కాను రా. నువ్వు చెప్పకముందే ఎక్కాను, మధ్యాహ్నం. బూడిదరంగు డబ్బా, గోడలకి కొట్టే పెద్ద బ్రష్షూ పట్టుకుని ఎక్కా. చెరిపేద్దామనే.

— లేదు. చెరపలేదు.

— చెప్పనిస్తావా? … నేల కాలిపోతోంది. మూత తీశా. బ్రష్షు ముంచా కూడా. ఇంతలో కింద గేటు దగ్గర గొడవ. వంగి చూస్తే ఒక తుపాకీవాడు. భుజం మీద వాళ్ళ తమ్ముణ్ణి మోసుకొచ్చాడు. ఆ పిల్లాడి కాలు… సరే, అదొద్దులే. మన వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కర్ర కూడా లేదు. ‘తుపాకీ ఆ ఇనప పెట్టెలో పెట్టి లోపలికి పద నాయనా’ అంటాడు. వాడు బూతులు. ఈయన మళ్ళీ అదే మాట. గేటు మీద గుర్తుకేసి చెయ్యి చూపిస్తాడు, మళ్ళీ అదే మాట.

— పెట్టాడు రా! చెప్పులు విడిచినట్టు విడిచి లోపలికొచ్చాడు.

— తెలుసు. పైనుంచి కొట్టేవాడు వేరు, కింద నడిచొచ్చేవాడు వేరు. నాకు తెలీదనుకున్నావా?

— గేటుది ఉంచి డాబాది చెరిపేయాలా? కింద ఆస్పత్రి, పైన కాదు అంటే ఎవడు నమ్ముతాడు? అసలు గుర్తు లేకపోతే పైనుంచి మనమేంటి? ఓ పొడుగు బిల్డింగు, నీళ్ళ ట్యాంకు, ముందు రెండు వ్యాన్లు. సైన్యం బ్యారక్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అప్పుడు కొడితే వాడి తప్పు కూడా కాదు. వాడి పాపం మన చేత్తో మనమే కడిగి పెట్టినట్టు. ఆ పని నేను చేయలేకపోయాను. మూత పెట్టేసి దిగొచ్చేశా.

— కాపాడుతుందనా? లేదు. ఆ నమ్మకం లేదు. పొద్దుట్నుంచి అసలే లేదు.

— ఏమీ కాదని ఒట్టా? వేయలేను. నీ మీద ఒట్టేసి నీకే అబద్ధం చెప్పనా?

— అలసిపోయాను రా తమ్ముడూ. భయపడ్డానికి కూడా ఓపిక లేదు.

— చేతనైంది చేశాను. పై అంతస్తు ఖాళీ చేయించా. అందర్నీ కింద స్టోర్ గదిలోకి దించాం. నీ పెళ్ళాం సెలైన్ అట్టపెట్టెల మధ్య మహారాణిలా పడుకుంది…

— బాక్సులు కదలవు. జనరేటర్ లైను ఆ పై గదికే ఉంది. అవి ఎక్కడున్నవి అక్కడే.

— ఆ. మనది కూడా.

— ఎవరో ఒకరు ఉండాలి కదరా. ట్యూబు జారినా, వేడి తగ్గినా… నేనే ఉంటా. డ్యూటీ లిస్టులో నా పేరే వేసుకున్నా.

— మరి ఎవరి పేరు వేయాలి? పెళ్ళికాని ల్యాబ్ పిల్ల పేరు వేయనా?

— ఏంట్రా? … ఒరేయ్…

— ఏడవకు నాన్నా. ఏడవకు… సరే, ఏడువు. ఇక్కడెవరూ వినట్లేదు.

— వద్దు, రావద్దు. రోడ్డు మీద చీమ కదిలినా కొడుతున్నారు. దారి తెరిచారని తెలిసిన క్షణం రా. అప్పటిదాకా ఇంట్లోంచి కదిలావంటే నా మీదొట్టే.

— నువ్వేం చేయాలంటే… ఉండు. మెట్లెక్కుతున్నా… ఉండు, ఆయాసం… ఆ, గదిలోకి వచ్చా. ఇదిగో నీ కూతురు. కళ్ళు మూసుకునే ఉంది. మూతి ముడిచింది. అచ్చం వాళ్ళమ్మే.

— దాంతో మాట్లాడు.

— నీతోనే చెప్తున్నా, దాంతో మాట్లాడు. బాక్సుకి పక్కన మేం చెయ్యి పెట్టే కంత ఉంటుంది. ఫోన్ స్పిరిట్‌తో తుడిచి దాని దగ్గర పెడతా.

— ఏదైనా సరే. పేరు ఏం పెడతావో చెప్పు. ఏ రంగులో ఏ రంగు కలిపితే ఏమొస్తుందో చెప్పు. అర్థం కావక్కర్లేదు, నాన్న గొంతు వినపడితే చాలు. పుట్టిన దగ్గర్నుంచీ అది విన్నవి మా గొంతులూ, పైన తిరిగే డ్రోన్ మోతా, అంతే కదా.

— ఆ… ఇప్పుడు కూడా తిరుగుతోంది. మీద మీదకే వస్తున్నట్టుంది.

— అందుకే చెప్తున్నా, కాస్త గట్టిగా మాట్లాడు. పెడుతున్నా… కట్ చేయకు.