వంతెన కింద మొదటి గాలం

సోచా నది ఒడ్డున, గాలం వేసి చేపలు పట్టే మా సంఘం గదిలో నేను పురుగుల్లా కనిపించే ఎరలు కట్టే ఈకలను రంగుల వారీగా వేరు చేస్తున్నాను. పొయ్యి దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు ఈ శీతాకాలం మంచు ఎంత ఎత్తు పడుతుందో పందెం చీటీలు రాస్తున్నారు.

“రెండు జానలేనా? ఏటా గెలిచేవాడివి, ఇదేం లెక్కరా?”

“చెప్పింది రాయి.”

“కావాలనే ఓడిపోతున్నావు.”

“గెలిస్తే చేపలవేట మొదలయ్యే ఏప్రిల్ ఒకటిన వంతెన కింద మొదటి గాలం నేనే వెయ్యాలిగా.”

“మేమంతా కొట్టుకు చచ్చేది దానికోసమేగా.”

“నీళ్ళలో మోకాళ్ళు నిలవట్లేదురా. పోయిన అక్టోబరులో రెండుసార్లు పడ్డాను. ఎవరూ చూళ్ళేదు కాబట్టి సరిపోయింది. మొదటి గాలం రోజు వంతెన మీద ఊరంతా ఉంటుంది.”

చీటీ రాస్తున్న రెండో ముసలాయన కలం కింద పెట్టాడు.

“నేను వెనకే నిలబడి నీ బెల్టు పట్టుకుంటాలే.”

“నవ్వరూ?”

“నీ దగ్గర కిటుకు నేర్చుకుంటున్నానని చెప్తాను. నలభై ఏళ్ళలో ఒక్కసారీ గెలవనివాణ్ణి, నమ్ముతారు.”

“అయితే రెండు కొట్టేసి పదకొండు రాయి. బెల్టు మాత్రం మరీ గట్టిగా లాగకు, గాలం పోయి చెట్టుకి తగులుకుంటుంది.”