తెల్లోడు ఇంకా తినలేదు

హలో… ఆ, నేనే, అర్చనక్కనే. ఎవరి నంబరు రా ఇది, రాఘవా?…

తోట కావలాయన ఫోనా… సరి, సరి. నీ ఫోన్ ఆఫ్‌లోనే ఉండాది కదా?… ఆన్ చేయవద్దు. చేసినావంటే నువ్వు ఎక్కడుండావో చూపించేస్తుందంట. వక్కీలమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పింది.

ఉండు, తలుపు వేసి వస్తాను…

ఆ, చెప్పు— వద్దు వద్దు, తమిళం వద్దు! మన తెలుగులో చెప్పు. ఎవడన్నా విన్నా ఏం అర్థమవుతుంది వాళ్ళకు? స్కూల్లో తమిళ టీచర్ ముందరే నిలబడి ఆమె చీర గురించి మాట్లాడుకోలేదా మనం? ఆమె పావం, నవ్వుతా నిలబడింది.

తిన్నావా?… బిస్కెట్ ఒక తిండా రా!…

విను. జానకియమ్మాళ్ అత్త ఇంటికి పోవద్దు. పొద్దున తళవాయిపురంకు పోలీసులు పోయినారు. నేరుగా అత్త ఇంటికే. బీరువా తెరిచి, బస్తాలన్నీ దించి చూసినారంట… లేదు, ఆమెను ఏం చేయలేదు. నిజంగా… ఎట్లా తెలిసిందా? అత్త నోరే! రాఘవన్ వస్తాడు, రాఘవన్ వస్తాడు అని వీధంతా చెప్పుకొని ఉంటుంది…

ఏం? అత్తకే తెలియదా?… నాతో మాత్రమే చెప్పినావా? నిన్న ఫోన్లో?… మరి నేనెవరితో చెప్తాను! నా మీదనా నీకు సందేహం?…

సరి, సరి. కోపం లేదు రా. భయం. నాకు భయం వస్తే కోపం మాదిరి వస్తుంది, నీకు తెలియదా.

రేపటి వరకే. రేపు శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో జడ్జి చేతికి నీ ఫోన్ ఇచ్చేస్తే ముగిసింది. కాపీ చాలదంట. వీడియో తీసిన ఫోనే కావాలంట…

ఆ, అళగర్ పెండ్లాం వచ్చింది. ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఆయనకు ఊపిరికి మిషన్ పెట్టినారంట. స్టేషన్ మెట్ల మీద జారి పడినాడు అని రాసినారంట రా! బ్యాండేజ్ మిల్లులో ఊరి గాయాలకంతా గుడ్డ నేసే మనిషి, ఆయనకు కట్టు కట్టడానికి చోటు లేదంట ఒంటి మీద… నా చేతులు పట్టుకొని, "మీ తమ్ముడు చూసినాడు కదా, చెప్తాడు కదా" అని అదే మాట.

బైక్ పోయింది అని కంప్లయింట్ ఇయ్యడానికి పోయినవాడివి. స్టేషన్‌లో వాళ్ళు అళగర్‌ను కొడుతుంటే నీకెందుకు రా వీడియో!… లేదు. మంచి పని చేసినావు. అక్క చెప్తుండాను, మంచి పని. కానీ నువ్వే ఎందుకు చేయాల!…

ఇప్పుడు ఎక్కడుండావు?… చెప్పు. నాకు తెలియకపోతే నిద్ర పట్టదు… మన మాటే కదా, చెప్పు రా!… మంసాపురం. మామిడి తోపు… పంపుసెట్ రూమా? పాములుంటాయి రా అక్కడ!… రేపు పాల వ్యాన్‌లో కోర్టుకు. సరి. వక్కీలమ్మను గేటు దగ్గరే నిలబెడతాను.

తెల్లోడా?… లేదు రా, తినలేదు. నువ్వు పెడితేనే కదా తింటాడు ఆ మహారాజు! రాజపాళయం కుక్క, ఒకే యజమాని అని ఊరంతా గొప్ప చెప్తారు. ఇక్కడ వాడు నా ప్రాణం తీస్తుండాడు. గిన్నె పెడితే మొగం తిప్పుకొని గేటునే చూస్తాడు…

అయ్యో, చెప్పడం మరిచినాను. సాయంత్రం వేంకటాద్రి బావ వచ్చినారు. సేత్తూరు బావ రా, మన పెదనాన్న అల్లుడు… భయపడవద్దు, యూనిఫామ్‌లో రాలేదు. వేష్టి కట్టుకొని వచ్చినారు. కాఫీ తాగినారు. నీ గురించి ఒక మాట అడగలేదు! ఇప్పుడు స్టేషన్‌లోనే లేరంట. జిల్లా ఆఫీసుకు మార్చినారంట, కంప్యూటర్ ముందర కూర్చునే పని. పోలీసైనా మంచి మనిషి రా. తెల్లోడి తల నిమిరి, "పావం, ఇంకా తినలేదా వీడు" అని ఎంత బాధగా అడిగినారో…

ఏం?…

బావకు ఎట్లా తెలిసిందా? నేను చెప్పలేదే… ఎవరితోనూ చెప్పలేదు. కుక్క తినలేదని ఎవరితో చెప్పుకుంటారు? నీతోనే చెప్పినాను, నిన్న, ఫో—

…

రాఘవా.

…

నిన్న తెలుగులోనే కదా మాట్లాడినాము. అత్త ఇంటి మాట కూడా… తెలుగులోనే కదా.

అర్థం కాదు అనుకున్నాము. మన ఫోన్ వినడానికి అర్థమయ్యేవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టినారు రా! మన ఇంటి అల్లుణ్ణే! వినేసి, ఇంటికొచ్చి, నా చేతి కాఫీ తాగి పోయినాడు!

లే! లేచి పో! ఇప్పుడే నా నోటితోనే చెప్పినాను మంసాపురం అని. పంపుసెట్ అని కూడా. నా నోరు మండ!… ఏడవవద్దు. పాల వ్యాన్ కూడా వద్దు… కట్ చేయవద్దు! కావలాయన ఫోన్ అక్కడే పెట్టు. లైన్ ఉంటే నువ్వు అక్కడే ఉండావు అనుకుంటారు. నీ ఫోన్ తీసుకున్నావా?… ఎక్కడికి పోతావో చెప్పవద్దు! నాకు తెలియవద్దు, రాఘవా. పో సామీ, పో…

…

రాఘవా?…

…

పోయినాడు.

…

వేంకటాద్రి బావా.

వింటుండారు కదా… తెలుసు నాకు.

ఒక ఇంటి ఫోన్ వినాలంటే పైనుంచి ఆర్డర్ ఉండాలంట, వక్కీలమ్మ చెప్పింది. ఉండాదా మీ దగ్గర?… నా మాటలన్నీ మీకు వినపడతాయి, మీ మాట ఒక్కటి నాకు వినపడదు. నేను తమ్ముడికి అన్నం తిన్నావా అని అడిగితే అది కూడా మీరు వినాలనా? కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాల మేము?…

లేదు, లేదు. కోపం లేదు బావా. మొక్కుతాను. అక్కడ మీకు ఒక్కరికే అర్థమవుతుంది ఈ మాట. మీరు తమిళంలో చెప్తేనే కదా పక్కనుండేవాళ్ళకు తెలిసేది. చెప్పవద్దు. అక్కా తమ్ముడు కుక్క గురించి మాట్లాడుకున్నారు, వేరే ఏం లేదు అనండి. అబద్ధం కాదు కదా అది…

మీ కూతురు ఆనందికి చెవులు కుట్టినప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలని మా రాఘవన్‌నే కదా పిలిచినారు. బిడ్డ ఏడిస్తే వాడూ ఏడ్చినాడు. మీరే నవ్వినారు వాణ్ణి చూసి. వాడు ఆ పోలీసుల చేతికి దొరికితే అళగర్ మాదిరే మెట్ల మీద జారి పడతాడు బావా. మీకు తెలుసు. నాకంటే మీకే బాగా తెలుసు…

…

హలో?…

…

సరి. నేను కట్ చేయను. ఈ ఫోన్ ఇట్లే కింద పెడతాను, తెల్లోడి పక్కన. గేటు చూస్తా మూలుగుతుండాడు. వినండి బావా. విని, దీన్ని కూడా తమిళంలో రాసి ఇయ్యండి.