గట్టమ్మ చేతి లూమో వాచీ

జనగామలో కిషన్ మొబైల్ షాపు. కౌంటర్ ముందు గట్టమ్మ కూర్చుంది. ఆమెకు చెవులు వినపడవు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది.

"చేతికున్న వాచీ జుమ్మన్నదా అవ్వా?"

"అన్నది బిడ్డా, అన్నది! చెయ్యి జల్లుమన్నది. మూడేండ్లాయె గిట్ల అనక. ఏం జేసినవ్, బ్యాటరీ మార్చినవా?"

"నేనేం జెయ్యలే. ఈ లూమో కంపెనీని దాని పోటీ కంపెనీ కొన్నది. కొని మూసేసింది. అప్పటి సంది ఈ వాచీలు ఫోన్లకు కలుస్తలేవు. ఇప్పుడు పాత ఓనరే ఆ పేరు మల్ల తెచ్చిండు. పాత వాచీలకు గూడ పాణం వచ్చింది."

"అంటే... నా చేతుల ఖరాబు కాలే?"

"కాలే అవ్వా. అందరియి బందైనయ్."

"గదే. గదే మాట మా రజనికి చెప్పు."

"రజని అంటే, ఇది కొనిచ్చిన బిడ్డనా?"

"ఆఁ, రఘునాథపల్లిల ఇచ్చినం. నాకు చెవుడు గద, తను వీడియో కాల్ చేస్తే చేతికి తెలుస్తదని కట్టింది."

"మరి నువ్వే చెప్పు, సంతోషపడ్తది."

"నీ ఫోన్ల కొట్టు బిడ్డా. నా నంబరైతే ఎత్తది."

"ఎందుకెత్తది?"

"జర కొట్టు."

"ఎందుకెత్తదవ్వా?"

"మూడేండ్ల కింద దాని పిలగానికి ఫిట్స్ వచ్చినయ్. అల్లుడు కాళేశ్వరం దిక్కు పనికి పోయిండు. ఒకటే వాన. మా కొడుకు గణపతిని ఆటో తీస్కొని పంపుమని నాకు చేసిందట. నేను పొయ్యి కాడున్న. ఫోన్ అర్రల ఉన్నది. వాచీ... వాచీ జుమ్మనలే బిడ్డా."

"పిలగాడు?"

"దక్కలే."

"అయ్యో..."

"మట్టి చేసిన కాడికెల్లి అది మా గడప తొక్కలే. వాచీ పనిచెయ్యలేదని ఎంతమందితోని చెప్పి పంపినా ఉలుకు లేదు, పలుకు లేదు. నువ్వు గివే పనులు జేసేటోనివి. నువ్వు చెప్తే నమ్ముతది. కొట్టు."

కిషన్ నంబరు కలిపి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"రజనేనా చెల్లె? జనగామల మొబైల్ షాపు, కిషన్ను. మీ అవ్వ ఈడనే ఉన్నది. ఆ వాచీ ఉన్నది సూడు, కంపెనీ అమ్ముడుపోయి బందైంది. ఆమె తప్పేం లేదు."

"నాకెరుకనే అన్నా."

"ఎరుకనా? మరి..."

"ఆ దినం ఫోన్ ఎత్తిన్రు."

కిషన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఎవరు?"

"మా గణపతన్న. అవ్వ ఫోన్ ఆయననే ఎత్తిండు. పిలగాడు కొట్టుకుంటున్నడు, ఆటో తీస్కొని రా అన్నా అని మొత్తుకున్న. 'నాకు కిరాయి ఉన్నది, వేరే బండి చూస్కో' అని పెట్టేసిండు."

"అవ్వకు చెప్పలేదా?"

"చెప్తే ఒక్క పూట ఆ ఇంట్ల ఉండది. ఏడికి పోతది? ఆయన పెట్టే బువ్వనే తింటున్నది. నేనొస్తే నా నోరు ఆగదన్నా. అందుకే వస్తలేను."

"జర ఒక్కసారి..."

"మంచిగున్నదా అవ్వ? బక్కగైందా?"

"... మంచిగనే ఉన్నది."

"ఉంట అన్నా."

"ఏందిరా, అటు తిరిగినవ్? నాకు నీ మూతి కనబడ్తలేదు. ఏమన్నది? నమ్మిందా?"

"ఆఁ..."

"ఇటు తిరిగి చెప్పు బిడ్డా. ఏమన్నది?"

"నమ్మిందవ్వా. తప్పంతా వాచీదే అన్నది."