జగ్గయ్యపేట చెవి

నందిగామలో హైవే పక్కన టిఫిను హోటలు, మేడ మీద గది. ‘పాటల పంచాయితీ’ అనే వాట్సాప్ గ్రూపువాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ మొదటిసారి కలుద్దామనుకున్నారు. ఫోనుల్లో కత్తులు దూసుకునే శూరులంతా ఎండ చూసి వెనకడుగు వేశారు, వచ్చింది ఇద్దరే. జగ్గయ్యపేటలో ప్రార్థన అయ్యాక ఇంటికెళ్ళి బస్సెక్కి వచ్చిన ఫ్రాన్సిస్‌కి మాత్రం ఇంకెవరు రాకపోయినా ఫర్వాలేదు, గ్రూపు అడ్మిన్ రాజ్యశ్రీ వస్తే చాలు. సాయంత్రంలోగా ఆమె చేత ఒక పని చేయించుకోవాలి.

“...ఇంకెవరూ రారండీ. జగన్నాథరావు గారు కంచికచర్లలో బయల్దేరానని మెసేజ్ పెట్టారు. కాసేపాగి, ఇప్పుడే నిద్ర లేచానని ఇంకోటి పెట్టారు. మీరు ఆ ఫ్యాను కింద కూర్చోండి ఫ్రాన్సిస్ గారూ.”

“వద్దమ్మా, ఇటే కూర్చుంటా, మీకెదురుగా. వెలుతురు మీ మొహం మీద పడతోంది... అదే, గాలి బాగా వస్తోంది ఇటు.”

“అయ్యగారూ, కాఫీ ఒకటేనా, తినటానికేమన్నా చెప్తారా?”

“ఫ్రాన్సిస్ గారూ, మీ వెనక సర్వరు కృష్ణయ్య అడుగుతున్నాడు.”

“ఆఁ? ఏంటయ్యా? ఏదో ఆలోచనలో ఉన్నా.”

“తినటానికేమన్నా చెప్తారా అని.”

“ఏం వద్దు కృష్ణయ్యా. కాఫీ చాలు.”

“సరే, వచ్చినవాళ్ళమన్నా పంచాయితీ పెడదాం. రీల్సులో మోగిపోతున్న ఆ డప్పుల పాట మీద మీరేమీ రాయలేదేంటండీ? ‘జగ్గయ్యపేట చెవి’ ఏమంటుందోనని గ్రూపంతా కాచుక్కూర్చుంది.”

“పాట సంగతి తర్వాత చెప్తాగానమ్మా, మీతో ఒక మాట...”

“నాకు నచ్చలేదండీ. పల్లవికి ముందే అంత డప్పు కొడితే, చరణానికొచ్చేసరికి చెవులకింక పని లేదు.”

“నాకూ నచ్చలా. చరణానికొచ్చేసరికి చెవులకి పని లేదు.”

“అది ఇప్పుడు నేనన్న మాటే కదండీ.”

“అందుకే నచ్చలా. అమ్మా, నేను పంచాయితీకి రాలేదు. మిమ్మల్ని బతిమాలటానికొచ్చా.”

“నన్నా?”

“మొన్న గ్రూపులో చరణి అనే అమ్మాయి పాట పెట్టారు కదా. దాని కింద నేను రాసింది తీసెయ్యాలి. నేను తీద్దామంటే టైము దాటిపోయిందంట. అడ్మిన్ అయితే తీయొచ్చంట.”

“అందరూ చదివేశారు కదండీ. ఇప్పుడు తీస్తే మాత్రం?”

“తీయటమే కాదు. మీరు, జగన్నాథరావు గారు, ప్రేమదాసు, అందరూ ఆ పాట బాగుందని రాయాలి. ఇవాళే. హైదరాబాదు బస్సు వెళ్ళే లోపు.”

“బస్సుకీ పాటకీ ఏంటి సంబంధం? అసలు మీరేం రాశారో గుర్తుందా? ‘గొంతులో పస లేదు. మాట పలకదు. ఈ అమ్మాయి పాట మానేసి...’”

“చదవకండమ్మా.”

“‘...పాట మానేసి కుట్టుమిషను నేర్చుకుంటే ఆమెకీ మేలు, మన చెవులకీ మేలు.’ ఇది రాసిన చేత్తోనే బాగుందనమంటున్నారు. ఎవరండీ ఆ అమ్మాయి?”

“తెలిసినవాళ్ళ పిల్ల.”

“ఎవరికి తెలిసినవాళ్ళు?”

“నాకే. నా కూతురమ్మా. క్రిస్టీ. పేరు మార్చుకుని మీ చేత పెట్టించింది.”

“ఊఁ.”

“ఊఁ అంటారేంటి?”

“మీరు చెప్పండి. వింటున్నా.”

“పొద్దున చర్చిలో పాస్టరు గారు పాట ఎత్తుకోమన్నారు. లేవలేదు. పాడనంది. పుట్టిన కాడి నుంచి ఆ చర్చిలో పాడిన పిల్లమ్మా అది. బయటికొచ్చాక ఏంటే అంటే, ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. ‘ఇది రాసింది మీరేగా నాన్నా? ఆ పాట నాదే. నా గొంతు గుర్తుపట్టలేదా?’ అంది.”

“మీరేమన్నారు?”

“ఈయర్‌ఫోన్ బాగాలేదన్నా.”

“ఆఁ.”

“ఇంటికెళ్ళి సర్దుకున్న బ్యాగు విప్పేసింది. చీరలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టేసింది. రేపు పొద్దున హైదరాబాదులో స్టూడియోకి వెళ్ళాలమ్మా. పెద్ద గాయకులు వచ్చే లోపు వాళ్ళకి పాట నేర్పటానికి ముందు వేరేవాళ్ళ చేత పాడిస్తారంట. ఆ పనికి పిలిచారు. ఆ కబురు కోసం ఎన్ని ప్రార్థనలు చేసామో. ఇప్పుడు వెళ్ళనంటోంది. నా రాత వల్లే. నా రాత చూసే దానికి మనసు విరిగిపోయింది.”

“కన్నకూతురి గొంతు తెలియలేదాండీ మీకు?”

“వినలేదమ్మా.”

“ ”

“కాఫీ గ్లాసు దించి చెప్పమ్మా. మూతికి అడ్డం పెట్టుకుంటే నాకు...”

“మీకు?”

“ఏం లేదు. ఏమన్నారో మళ్ళీ చెప్పండి.”

“వినలేదా, వినపడలేదా అన్నానండీ.”

“రెండూ ఒకటేగా.”

“నేను తెలుగు టీచర్నండీ. రెండూ ఒకటి కాదు. వినలేదా? వినపడలేదా?”

“...ఎవరికీ చెప్పరు కదా?”

“చెప్పను.”

“వినపడలేదు. పాటలు వినపడి చాలా కాలమైందమ్మా. ముందు ఫ్లూటు పోయింది. తర్వాత ఆడగొంతులు పోయినయ్యి. మొదట్లో ఫోనులో సౌండు చాలట్లేదనుకుని ఫోను మార్చా. క్రషర్లో కంకర కొట్టించే పనిలో జుట్టు నెరిసిపోయింది నాకు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవాళ్ళు. దూది తీసేసి ఈయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. ఆ క్రషరు రొద మీద పాట వినపడాలని సౌండు ఆఖరి దాకా పెంచేవాణ్ణి. ఎవర్ననేది లేదు. పాట పిచ్చే నా చెవులు తినేసింది.”

“మరి గ్రూపులో అంత అందంగా ఎట్లా రాస్తున్నారు?”

“మీరంతా రాసింది చదివి. జగన్నాథరావు గారు రాగం చెప్తారు. మీరు సాహిత్యం చెప్తారు. ఆ రెండూ కలిపి, కాస్త ఉప్పూ కారం చల్లి నేను రాస్తా. చరణి పాటకి జగన్నాథరావు గారు ‘ఒక్క ముక్క వినపడలేదు’ అని పెట్టారు. ఆ వెనకే అందరూ అవునవును, ఈ కాలం పాటలంతే, మాటలెక్కడ వినపడతాయని మొదలుపెట్టారు. సరే, గొంతు బాగాలేదు కాబోలని నేనూ నాలుగు వేసా.”

“ఫ్రాన్సిస్ గారూ, జగన్నాథరావు గారు రాసింది నిజమండీ. ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. అందులో ఏమీ లేదు.”

“ఏమీ లేదంటే?”

“పాట లేదు. శబ్దమే లేదు. ఖాళీ ఫైలు.”

“కాదు కాదు. తబలా అదిరిందని ప్రేమదాసు రాశాడే.”

“ప్రేమదాసు ఏదీ నొక్కి వినడండీ, అందరికీ తబలా అదిరిందనే రాస్తాడు. ఆయన వినకుండా రాశాడు. మీరు వినపడక రాశారు.”

“అయితే... అయితే మంచిదే కదమ్మా! అందులో దాని గొంతే లేకపోతే నేను గుర్తుపట్టకపోవటమేంటి? పొరపాటున ఖాళీది పెట్టామని మీరొక్క ఫోను కొడితే...”

“పొరపాటు కాదండీ. క్రిస్టీయే ఖాళీది పంపింది.”

“దానికేం అవసరం?”

“‘వెనక నుంచి పిలిస్తే నాన్న పలకట్లేదక్కా. అడిగితే మొహం మాడ్చుకుని బయటికెళ్ళిపోతాడు. ఇది గ్రూపులో పెట్టు. వినపడితే ఇందులో ఏమీ లేదని రాస్తాడు’ అంది. తర్వాత మీరు రాసింది చూసింది. పొద్దున ఫోను మీ ముందు పెట్టింది మీరు నిజం చెప్తారేమోనని. మీరు ఈయర్‌ఫోన్ మీదికి నెట్టేశారు.”

“తెలుసా దానికి?”

“తెలుసు. మీ రాతకి బాధపడి ఆగిపోలేదు. మిమ్మల్ని ఒంటరిగా వదల్లేక ఆగింది. ఇందాక నాకు ఫోను చేసింది. ‘అమ్మ కూడా లేదు. నేను పోతే వెనక లారీ హారన్ కొడితే ఎవరు చెప్తారక్కా’ అని ఏడ్చింది.”

“దేవా... ఇంత చేసి దాని కాళ్ళకి నేనే అడ్డం పడ్డానా? వద్దమ్మా. దాన్ని పంపించెయ్యాలి. నా చెవులు పోయింది చాలదా, దాని పాట కూడా పోవాలా? మీరు చెప్తే వింటది. నాన్నకి వినపడుతోందని చెప్పండి.”

“అబద్ధం చెప్పమంటారా?”

“అబద్ధం కాదు. ఎడమది పోయింది, ఒప్పుకుంటా. కుడి చెవి ఉంది. పాట పట్టదుగానీ మాట పడతది. ఇప్పుడు మీతో మాట్లాడట్లేదూ? కావాలంటే పరీక్ష పెట్టుకోండి.”

“సరే. గ్లాసు పక్కన పెట్టేసా. నా మొహం చూడండి. అడుగుతా, చెప్పండి.”

“అడగండి.”

“రోడ్డు మీద లారీ వస్తే ఎట్లా?”

“లారీలకి ఎదురుగా నడుస్తా. ఎప్పుడూ అంతే. వెనక నుంచి వచ్చే వైపు అడుగే పెట్టను.”

“కుక్కరు పెడతారు. విజిల్ వస్తే?”

“కుక్కరు ఎవరికమ్మా ఒక్కడికి? గిన్నెలో వండుకుంటా. పొంగితే కళ్ళకి కనపడతది.”

“రాత్రి ఎవరన్నా తలుపు కొడితే?”

“పక్కింటి ఫ్లోరెన్స్ దగ్గర తాళంచెవి ఒకటి ఉంచుతా. లోపలికొచ్చి లేపుతుంది. మా వదినకి అక్క వరస.”

“క్రిస్టీకి మీతో మాట్లాడాలనిపిస్తే? ఫోనులో ఎట్లా?”

“వీడియో కాల్. దాని మొహం కనపడితే చాలు.”

“ఫోను వచ్చినట్టు ఎట్లా తెలుస్తుంది?”

“జేబులో కొట్టుకుంటది కదమ్మా. చూసారా, ఒక్కటన్నా పోనిచ్చానా?”

“లేదు. ఇంకోటి అడుగుతా. బాధపడకండి.”

“అడగండి.”

“క్రిస్టీ పాట మీకు ఆఖరిసారి వినపడింది ఎప్పుడు?”

“...పున్నమ్మని మట్టి చేసిన రోజు. మా ఆవిడ. సమాధి దగ్గర అది ఒక్కతే పాడింది. అప్పటికే సన్నగా, ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టు వినపడింది. ఏడుపు వల్ల చెవులు మూసుకుపోయాయేమోననుకున్నా. తర్వాత మళ్ళీ తెరుచుకోలేదు.”

“ఆ తర్వాత కూడా బాగా పాడావని చెప్పేవారంట కదా.”

“చర్చిలో ముందు బెంచీలో కూర్చునేది అందుకే. దాని మెడ చూస్తా. పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఇక్కడ నరం ఒకటి లేస్తది. తప్పు పోతే కనుబొమ్మ ముడుస్తది. ముడవకపోతే బాగా పాడిందని లెక్క. ఇంటికొచ్చి బాగా పాడావే అంటే, పొంగిపోయేది. మోసమేనమ్మా అది, నాకు తెలుసు.”

“మోసం కాదు.”

“నాకు భయంగా ఉందమ్మా. చెవులు పోయినందుకు కాదు. లోపల దాని గొంతు ఇంకా ఉంది. పడుకునేటప్పుడు తీసుకుని వింటా. అదీ ఒకరోజు చెరిగిపోతదేమోనని భయం.”

“కన్నీళ్ళు తుడుచుకోండి. నా మొహం కనపడదు.”

“ఆఁ. తుడుచుకున్నా. చెప్పండి.”

“ఇప్పుడే క్రిస్టీకి ఫోన్ చేస్తా. బ్యాగు సర్దుకోమంటా. కానీ మీరు కూడా ఒకటి చెయ్యాలి. ఇవాళ బస్టాండులో మీ నోటితో నిజం చెప్పాలి.”

“చెప్తా. ఎడమది పోయింది, కుడిది ఉందని చెప్తా.”

“అట్లాగే చెప్పండి.”

“మీరు కూడా చెప్పండమ్మా. ఇంతసేపు మాట్లాడాను, మీ నాన్న నా మాట ఒక్కటి కూడా పోనివ్వలేదని చెప్పండి. ధైర్యంగా బస్సెక్కుతది.”

“అదే చెప్తానండీ. ఒక్క మాట కూడా పోనివ్వలేదని చెప్తా.”

“మేడం గారూ, నీళ్ళేమన్నా తెమ్మంటారా? గొంతు పట్టేసిందా ఏంటి? ఇందాకట్నుంచీ చూస్తన్నా, పెద్దాయనొక్కడే మాట్లాడతన్నాడు. మీరు ఒట్టి పెదాలు ఆడిస్తన్నారుగానీ, మాట బయటికి రావట్లా.”