గాజు పడవకు చింతగింజల గంజి

పందొమ్మిదివందల యాభై ఎనిమిది. షోలాపూర్, జోడ్‌భావి పేట్. ఎవరైనా పనికి రాని రోజున వారి మగ్గం మీద నిలబడే బదిలీ కార్మికుడు సిద్ధరాములు. అతని ఇంటి ముందు ఎడ్లబండి మీద మిల్లు మేనేజరు తెరచాప పడవ బోర్లించి ఉంది. సిద్ధరాములూ, అతని భార్య గోదావరీ దాని దగ్గర నిలబడి ఉన్నారు.

"ముట్టకు. చెమట చేతులు, అచ్చు పడుతది."

"ముట్టుత లేను, చూస్తున్న. నా పెండ్లి చీర గూడ గింత నున్నగ లేకుండె."

"నవ్వకు గోదావరీ. నాకు పానం పోతున్నది."

"పానం పొయ్యేటోడివి ఆ డబ్బల సీస మొత్తం ఎందుకు వంచితివి?"

"పడవతోని విలాయతి నుంచి వచ్చిన అతుకు మందులు అవి. మా జాబరు అంబాదాసన్న కాయితం చదివి రెండు కలుపుమన్నడు. కలిపిన."

"ఎంతకు ఎంతో అడగొద్దా?"

"అడిగిన. ఇంగ్లీషుల గట్లనే ఉంటది, నువ్వు కలుపు అన్నడు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు మనం ఏం జేస్తం? కుండెడు గంజికి మైలుతుత్తం పొట్లం ఒక్కసారే ఇప్పుతం. చుక్క చుక్క పోస్తమా?"

"పొయ్యి లేకుంట పొగలు వచ్చె."

"గడియల గట్టివడె, కలిపిన కట్టె గూడ బయటికి రాకపాయె. ఏడున్నది ఆ డబ్బ?"

"తలుపు గాలికి కొట్టుకుంటున్నదని అడ్డం పెట్టిన. మంచి బరువున్నది."

"ఎవలన్న చూస్తే?"

"చూస్తే ఏంది, విలాయతి రాయి అంట. గాజు పోగుల బట్టతోని పడవ చేసినోళ్ళు రాయి చేయరా?"

"ఆ బట్ట అన్నందుకే గద నా నెత్తిమీదికి వచ్చింది. కట్టె పడవైతే వడ్లోనికి ఇద్దును, ఇది బట్ట, బట్ట పని సాలోడే చేయాలె అన్నడు."

"మంచిగనే చేసినవ్ తియ్. చింతగింజల గంజి, సుద్దపిండి, ఆరుసార్ల కుంచె. ఒక్క గీత కనవడత లేదు. అది నీళ్ళల్లకు పొయ్యేది గాకుంటే నీ అంత పనిమంతుడు లేడు."

"అడుగున పగులున్నది చూడు, దాని మీదనే నా భయం. వేలు దూరుతుండె. పాత చీర పీలిక కుక్కి పైన గంజి పూసిన. నీళ్ళు తాకితే గంజి కరిగిపోతది."

"నాదేనా చీర?"

"నీదే."

"అయితే చెప్పు. అన్న రాంగనే నిజం చెప్పు."

"చెప్తే నన్ను బదిలీ తప్పించి మిల్లుల కాయం జేస్తడా? ఎనిమిదేండ్ల సంది మిల్లు భోంగా మొత్తుకోకముందే గేటు కాడ నిలబడుతున్న. ఎవలకన్న జరమొస్తే మనకు బువ్వ. పడవ బాగైతే మేనేజరు సాహేబుతోని కాయం సంతకం పెట్టిస్త అని అన్న నోటితోని అన్నడు. పొరుగోనికి జరం రావాలెనని మొక్కే బతుకు తప్పుతదనుకున్న."

"మరి చెప్పవా?"

"చెప్తా. సాహేబు పిల్లలను కూసోబెట్టుకొని పోతడేమో. పాపం తగులుతది. చెప్తా."

"చెప్పు. నేను ఆపుతనా? ఇన్నేండ్లు బీడీలు చుట్టిన, ఇంక చుడుత. అగో, వస్తున్నడు."

ఏ బదిలీవాణ్ణి ఏ మగ్గం మీద నిలబెట్టాలో రోజూ గేటు దగ్గర తేల్చే జాబరు అంబాదాస్ వచ్చాడు.

"ఏడున్నది గీత? సిద్ధరాములూ, ఈడ ఇంత పొడుగు గీత ఉండె గద."

"ఉండె అన్నా. అన్నా, ఒక మాట—"

"మాట తర్వాత. చెయ్యి పెడితే జారుతున్నది. ఇంగ్లీషోడు గూడ గిట్ల చేయడు."

"నీళ్ళు అన్నా..."

"నీళ్ళొద్దు, ఇప్పుడే చాయ్ తాగిన."

"తాగే నీళ్ళు గాదు. పడవ నీళ్ళల్లకు—"

"నీళ్ళల్లకు గాక రోడ్డు మీద పోతదా? ఏందో వాసన. చింతపండు ఉడికినట్టు."

"మా పొయ్యి మీద చారు అన్నా."

"చీమలెందుకు ఎక్కుతున్నయి చెల్లె?"

"విలాయతి మందు గద అన్నా, చీమలకు కొత్త."

"అన్నా, నేను చెప్పేది జర ఇను. ఆ డబ్బ మందు..."

"మిగిలిందా? మిగిలితే నాకియ్యి, సాహేబుకు వాపసు ఇయ్యాలె."

"మిగల్లేదు. అన్నా, ముందుగాల నా కాయం సంగతి చెప్పు. చెప్తివా సాహేబుకు?"

"చెప్పిన."

"ఏమని?"

"పడవ బాగైందని."

"ఎవలు బాగు చేసిండ్రని?"

"ఎవలైతే ఏంది? మన పద్మశాలోళ్ళ చేతి పని అని చెప్పిన. సాహేబు ఖుషీ అయిండు."

"ఏ పద్మశాలి అని చెప్పినవ్ అన్నా?"

"చూడు, ఎండ ఎక్కుతున్నది. బండిని చెరువు కాడికి తోలాలె, ఆదివారం పడవ దించుడున్నది."

"ఏ పద్మశాలి?"

"మా బామ్మర్ది మల్లేశం."

"మల్లేశమా? వాడు ఊరి నుంచి వచ్చి మూడు నెలలు గాలే. కండె చుట్టనే రాదు వానికి."

"సాహేబు పేరడిగిండు, నా నోట్లె అదే వచ్చింది. అప్పటికప్పుడు సంతకం పెట్టిండు. నేనేం జేయాలె? మీ వదినె, తన తమ్మునికి పని పెట్టియ్యకుంటే ఇంట్ల అన్నం పెట్టనన్నది. వచ్చే యేడు నీదే."

"అందుకేనా పడవను మిల్లుల చేయనీయకుంట మా గల్లికి తెచ్చినవ్?"

"గట్లనకు. ఆడైతే దుమ్ము."

"అన్నా, మా ఇంట్ల దుమ్ము లేదా?"

"చెల్లె, నువ్వు నడుమ మాట్లాడకు. సిద్ధరాములూ, ఇందాక ఏందో చెప్పవస్తివి. డబ్బ మందు అంటివి."

"ఏం లేదు."

"చెప్పు."

"ఏం లేదన్నా. ఆదివారం సాహేబు పిల్లలు గూడ ఎక్కుతరా?"

"ఏ, పిల్లలు పూనాకు పోయిండ్రు. సాహేబు గూడ ఎక్కడు. పోయినసారి రాయికి తాకినకాడి నుంచి ఆయనకు భయం పట్టుకున్నది. గట్టు మీద కుర్చీ ఏయిస్తున్నడు. బాగు చేసినోడే మొదలు ఎక్కాలె, నడిచెరువు దాక పోయి రావాలె, చూసినంక ఎక్కుత అన్నడు."

"అంటే మల్లేశం ఎక్కుతడు."

"వాడొక్కడే ఎక్కుతడా? వానికి తోడు నేను. మెడల దండ ఏసుకొని సాహేబుకు దండం పెట్టాలె."

"ఇంకెవ్వలు ఎక్కరు గద?"

"ఎక్కరు. ఎందుకు, నీకు గూడ ఎక్కాలెనని ఉన్నదా?"

"వద్దన్నా. నేను గట్టు మీది నుంచి చూస్త."

"ఏమయ్యా, అన్నకు ఏందో చెప్పాలె అంటివి. పాపం తగులుతది అంటివి."

"ఔ గోదావరీ, అదే అడుగుతున్న. అన్నా, మీ ఇద్దరికి ఈత వస్తదా?"