రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి

మధ్యాహ్నం. ముందుగది మూల బల్ల మీద, ఇంటి ఫోటోలూ వీడియోలూ దాచుకునే స్టోరేజ్ పెట్టె. దాని ముందు లాప్‌టాప్ తెరిచి కూర్చుంది చెల్లెలు చిన్ని. ఇలాంటి పెట్టెలు బాగుచేయడమే ఆమె ఉద్యోగం. కుర్చీ ఉన్నా కూర్చోకుండా పక్కనే నిలబడ్డాడు అన్నయ్య. అతని భార్య పోయి ఏడాది దాటింది. కూతురు బుజ్జి లోపలి గదిలో చదువుకుంటోంది.

"అసలు డిస్కు పోయిందని ఎవరన్నారు నీకు?"

"ఒకరు అనాలా? మీ వదిన ఫోల్డర్ లేదుగా. పోయిందనేగా అర్థం."

"పోలేదన్నయ్యా. రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి. పొద్దుట్నుంచీ పరీక్ష నడుస్తోంది, ఒక్క చెడ్డ చోటు కూడా దొరకలేదు. నీకంటే ఆరోగ్యంగా ఉంది ఈ పెట్టె."

"మరి టకటకమని చప్పుడు చేస్తోందే."

"పని చేస్తుంటే చెయ్యదూ? నెలకోసారి లోపలున్న ప్రతి ఫైలూ చదువుకుంటుంది. దాచిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా అని సరిచూసుకుంటుంది. మొన్న కూడా చూసుకుంది. ఎక్కడా తేడా రాలేదు."

"అయితే ఫోల్డరేది?"

"అదే చెబుతున్నా. డిస్కు పాడైతే సగమో పావో మిగులుతుంది. ఇది మొత్తం లేదు. ఎవరో చెరిపారు."

"ఎవరు చెరుపుతారే? ఇంట్లో ఉన్నది మేమిద్దరం."

"అదే అడుగుతున్నా నేనూ."

"నేనెందుకు చెరుపుతాను? నేనా? సర్లే, రెండో డిస్కుంది కదా, అందులోంచి తీసుకురా. రెండు పెట్టమన్నది నువ్వేగా."

"ఒకదానిలో ఏముంటే రెండోదాంట్లోనూ అదే ఉంటుందన్నయ్యా. ఒకటి చచ్చిపోతే ఇంకోటి ఆదుకుంటుంది. మనిషి చెరిపితే మాత్రం రెండింట్లోనూ ఒకేసారి చెరుగుతుంది."

"అయితే ఇక రాదా?"

"ముందు కూర్చో. తిన్నావా?"

"తిన్నాలే."

"ఏం తిన్నావు?"

"తిన్నానన్నాగా. రాదా అని అడుగుతున్నా."

"వస్తుంది. రోజూ తెల్లారేసరికి లోపల ఎలా ఉందో అలా ఒక నకలు విడిగా దాచేలా పెట్టి వెళ్ళాను. చెరగకముందు రోజుది తెరుస్తున్నా. ఇదిగో. ఇవన్నీ వదిన మాటలేనా?"

"అవే. డ్యూటీలోంచి పంపేది. ఆసుపత్రిలో ఫోను మాట్లాడే తీరికెక్కడుండేది దానికి. రెండు ముక్కలు రికార్డు చేసి పంపేసేది."

"వింటాను ఒకటి."

"విను. వద్దులే. ముందు మొత్తం తెచ్చెయ్యి, తర్వాత వినొచ్చు."

"సరిగ్గా వచ్చాయో లేదో చూడాలిగా. ఒక్కటి పెడతాను, ఉండు."

"'తిన్నారా? బుజ్జి తిందా? గ్యాస్ కట్టేశారా? నాకు ఆలస్యమవుతుంది, తలుపు గడియ పెట్టుకుని పడుకోండి.'"

"ఆపు."

"అన్నయ్యా."

"బాగానే వచ్చింది. చాలు. మిగతావి వినక్కర్లేదు, తెచ్చెయ్యి."

"ఉండుండు. ఇదేంటి?"

"ఏది?"

"తేదీలు. వదిన పోయింది నిరుడు వానాకాలంలో. ఇవి ఈ ఏడాదివి. ఇదైతే పోయిన వారంది."

"పెట్టెలో గడియారం తప్పయ్యుంటుంది."

"గడియారం సరిగ్గానే ఉంది."

"కాపీ చేస్తే తేదీ మారుతుందని నువ్వే అన్నావొకసారి."

"కాపీ అయితే అన్నీ ఒకే తేదీకి మారాలి. ఇవి ఒక్కోటీ ఒక్కో మధ్యాహ్నానివి. ఎవరివన్నయ్యా ఇవి?"

"వాటిని ముట్టుకోకు."

"ఎవరివి? పెడుతున్నా ఒకటి."

"ముట్టుకోకని చెప్పానా."

"'తిన్నాను. బుజ్జీ తింది. గ్యాస్ కట్టేశాను, వెళ్ళి మళ్ళీ చూసొచ్చాను. గడియ మాత్రం పెట్టలేదు. నువ్వొస్తే బయట నిలబడాల్సొస్తుంది కదా.'"

"విన్నావుగా. ఇక మూసెయ్యి."

"ఇది నీ గొంతు."

"నాదే. అడిగింది, చెప్పాను."

"ఎవరడిగారు?"

"మీ వదినే. ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. అడుగుతుంటే పలక్కుండా ఎలా ఊరుకోను?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో. లెక్క పెట్టుకోలేదు."

"బుజ్జికి తెలుసా?"

"దానికెలా తెలుస్తుంది. ఆ వేళకి కాలేజీలో ఉంటుంది."

"తెలుసు నాన్నా."

"బుజ్జీ, నువ్వు లోపలికెళ్ళు. చదువుకో."

"అత్తా, ఆఖరిది పెట్టు. పోయిన వారంది."

"వద్దు. చిన్నీ, ఆ లాప్‌టాప్ మూసెయ్యి. మూసెయ్యమంటున్నానా."

"పెట్టక్కర్లేదులే అత్తా, నాకు నోటికొచ్చు. 'దీని పరీక్షలైపోనీ. మా చెల్లి దగ్గర దింపేసి నేనూ నీ దగ్గరికి వచ్చేస్తాను' అన్నారు అమ్మతో."

"ఊరికే అన్నానమ్మా. ఏదో మాటవరసకి."

"మాటవరసకా? అన్నయ్యా, ఇటు చూడు. నేల మీద ఏముంది? నా మొహం చూసి చెప్పు ఆ ముక్క."

"చిన్నీ."

"చెప్పలేవు కదా."

"రోజు గడవట్లేదే నాకు. తెల్లారితే సాయంత్రం ఎలా అవుతుందా అని."

"ఒక్కడివే గడపక్కర్లేదు ఇక. నేనిక్కడే ఉంటున్నాను. రేపు పొద్దున్నే నాతో డాక్టర్ దగ్గరికి వస్తున్నావు."

"మీ ఆయన ఏమనుకుంటాడు?"

"ఆయనతో నేను చెప్పుకుంటాను. నువ్వు వస్తానను."

"వస్తాలే."

"లే అనకు. సరిగ్గా అను."

"వస్తాను."

"బుజ్జీ, ఇలా రా తల్లీ. ఇంత తెలిసి నాకో ఫోనైనా చెయ్యలేదేమే?"

"చేశానత్తా. నువ్వు ఎత్తేదానివి. 'ఏంటే' అనేదానివి. నాకు నోరు పెగిలేది కాదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని. ఏం లేదని పెట్టేసేదాన్ని."

"నేనేమో చదువు బెంగ అనుకున్నాను. చూడు, నా తెలివి."

"పెట్టె పాడైతే నువ్వే వస్తావు కదా. వస్తే ఎదురుగా ఎలాగోలా చెప్పగలననుకున్నాను. అందుకే చెరిపాను."

"నువ్వా? బుజ్జీ, అమ్మ గొంతు నువ్వు చెరిపావా?"

"నేనే నాన్నా."

"పోనీలే అన్నయ్యా, అన్నీ వచ్చేస్తున్నాయిగా. దీనికి తెలిసే ఉంటుంది, అత్త నకలు దాచిందని. తెలుసు కదే?"

"తెలీదత్తా. ఇక ఎప్పటికీ రాదనుకునే చెరిపాను. నాన్న ఉంటే చాలనుకున్నాను."