తలుపుకి అవతలి కంచం

స్కాట్లండ్‌లోని ఓ చేపల రేవు పట్టణం. ఆదివారం పొద్దున ఇంట్లోవాళ్లంతా ప్రార్థనకు వెళ్లాక, ఆరేళ్ల కిందట తమ కట్టుబాట్ల క్రైస్తవ సంఘాన్ని వదిలి వెళ్లిపోయిన అక్క పెరటి కిటికీ దగ్గరకు వచ్చింది. చెల్లెలు లోపల తన గదిలో ఉంది.

“బయట తాళం వేశారా?”

“లేదక్కా. మనవాళ్లు తాళాలెప్పుడు వేశారు? పశ్చాత్తాపం కలిగేదాకా గది దాటొద్దన్నారు సంఘం పెద్దలు. అంతే.”

“ఎన్నాళ్లయింది?”

“మూడు వారాలు. నీకు ఉత్తరం రాశానని.”

“పిచ్చి మొద్దూ, తాళం లేని గదిలో మూడు వారాలు కూర్చున్నావా! కారు సందు చివర పెట్టాను. కోటు తొడుక్కుని రా.”

“బూట్లు కూడా తొడుక్కునే ఉన్నాను, పొద్దుటినుంచీ.”

“మరింకేం?”

“అమ్మ.”

“అమ్మా? నేను వెళ్లేటప్పుడు మొహం కూడా చూపించలేదు ఆవిడ. నీతో మాట్లాడుతోందా ఏంటి?”

“ఒక్క ముక్క కూడా లేదు. శిక్షలో ఉన్నవాళ్లతో ఒకే బల్ల మీద తినకూడదుగా. నా కంచం గుమ్మం లోపల పెట్టి తలుపేస్తుంది. తర్వాత తన కంచం తెచ్చుకుని అవతల నేలమీద కూర్చుంటుంది. చెంచా చప్పుడు వినిపిస్తుంది నాకు. మధ్యలో తలుపుంది కాబట్టి కలిసి తిన్నట్టు కాదనుకుంటుందేమో.”

“నన్ను గదిలో పెట్టినప్పుడు అలా చెయ్యలేదే.”

“చేసిందక్కా. నువ్వు ఏడుపు ఆపితేగా వినపడటానికి! నువ్వు వెళ్లిపోయాక కూడా వారం రోజులు రెండు కంచాలు తెచ్చి, ఆ ఖాళీ గది ముందే కూర్చుంది.”